కాలరు లోపల

జూలైలో బల్లారట్ చలి
కత్తెర పిడిని కూడా ముట్టుకోనివ్వదు.
ఆ పొద్దున దుకాణం తలుపు భుజంతో తోసుకుని
ఇళ్ల కప్పులు వేసే గ్లెన్ వచ్చాడు,
చంకలో ఒక తాను.
విప్పితే గదంతా కేకేసినట్టయింది:
నారింజ రంగు మీద ఆకుపచ్చ చిలకలు,
ఒక్కొక్కటీ అరచేయంత.

పదకొండు చొక్కాలు కావాలన్నాడు.
కాగితం మీద పన్నెండు కొలతలున్నాయి.
నేను అడిగేలోగా
చివరి పేరు మీద బొటనవేలు పెట్టాడు.
టోబీ. ఛాతీ నలభై రెండు.
ఎంతసేపటికీ ఆ వేలు తియ్యలేదు.

శుక్రవారం అందర్నీ నవ్వించినవాడు
సోమవారానికి లేడట.
"పదేళ్లు ఒకే నిచ్చెన ఎక్కి దిగాం.
ఎలా ఉన్నావని రోజూ అడిగాం.
జవాబు కోసం ఒక్కరోజూ ఆగలేదు."
ఇవి చూసి ఎవడో ఒకడు నవ్వుతాడు కదా,
ఇదేం వేషంరా అంటాడు కదా,
అక్కణ్నుంచి మాట ఎత్తుతారట.
కాలరు లోపల, మెడకు తగిలేచోట,
ఒక్క ముక్క కుట్టిపెట్టమన్నాడు:
చెప్పు, ఆగుతాను.

నాకొచ్చిన కుట్టు వేరు.
చిరుగు కనబడకుండా కుట్టడమే నా పనితనం.
ఇంటి గుట్టు లంకకు చేటని
సూదిలోకి దారం ఎక్కిస్తూ అమ్మ నేర్పింది.
చిన్నాన్న ఆర్నెల్లు విశాఖలో ఆ ఆసుపత్రిలో ఉంటే
భిలాయిలో ఉద్యోగమని చెప్పాం.
తిరిగొచ్చాక, అక్కడ ఎండలెలా ఉంటాయని అడిగినవాళ్లకి
ఆయన ఓపిగ్గా వర్ణించేవాడు
చూడని ఊరి ఎండల్ని.

నా మాత్రలు గుండీల డబ్బాలో ఉంటాయి.
తెల్ల గుండీల మధ్య
చిల్లుల్లేని తెల్ల గుండీలు.
మా ఆయనకు తెలుసు.
తెలుసని నాకు తెలుసు.
అంతటితో ముడేసి దారం తెంపేశాం.

వారం పట్టింది.
చేతికి చెయ్యి కలిపేచోట చిలక ముక్కు తెగకుండా
చూసి చూసి కోశాను.
పదకొండూ మడతపెట్టాక
బల్ల మీద గుడ్డ మిగిలింది,
సరిగ్గా నలభై రెండు ఛాతీకి.

"ఇది నేనుంచుకోనా?" అన్నాను.
గ్లెన్ గుడ్డ వైపు చూడలేదు, నా వైపు చూశాడు.
"నువ్వెలా ఉన్నావ్?"
బాగున్నానన్నాను.
కదల్లేదు.
బయట ట్రక్కు ఇంజిను ఆడుతూనే ఉంది,
ఎవరో హారన్ కొట్టారు,
కదల్లేదు.

పధ్నాలుగేళ్లలో మొదటిసారి
గుండీల డబ్బా మూత
ఇంకొకరి ముందు తీశాను.

శనివారం మనవాళ్ల భోజనాలు, స్కౌట్ హాల్లో.
పట్టుచీర మీదకి చిలకల జాకెట్టు వేసుకెళ్లాను.
"ఇదేం పిచ్చి జాకెట్టమ్మా!" అన్నారెవరో.
"పిచ్చిదే" అన్నాను.
"ఆ మాటంటే భయపడి దాక్కున్నాన్నేను.
మందులు వాడుతున్నాను. తగ్గుతోంది."

పప్పు గరిటె గిన్నెలోనే ఆగిపోయింది.
ఒకరు ఫోను చూసుకున్నారు.
ఒకావిడ నా పళ్లెంలో
అడక్కుండానే ఇంకో బొబ్బట్టు వేసి వెళ్లిపోయింది,
నాకు జ్వరం వచ్చినట్టు.
కారు దాకా నడుస్తూ మా ఆయన ఏమీ అనలేదు,
జారిన నా శాలువా మాత్రం సర్దాడు,
చిలకలు కనబడేలాగా సర్దాడో
కప్పుదామని సర్దాడో
ఇప్పటికీ తేలలేదు.

సోమవారం, దుకాణం మూసేవేళ,
హైమవతిగారు వచ్చారు.
చినుకులు తుడుచుకున్నారు, కిటికీలో జిప్పుల ధరలు చదివారు,
మళ్లీ మొదట్నుంచీ చదివారు.
"ఆ చిలకల గుడ్డ
ఇంకా దొరుకుతుందా?"
"ఎవరికండీ?"
"మా వాడికి.
గదిలోంచి రావట్లేదు, దసరా దగ్గర్నుంచీ.
ఛాతీ ముప్పయ్యారు ఉండేది.
ఇప్పుడెంతో తెలీదు."

టేపు మెడలోనే ఉంది.
పుస్తకం తియ్యలేదు, పెన్సిలు వెతకలేదు.
ఆవిడకి కుర్చీ లాగి
ఆగాను.