ఒంటి మేజోడు

కనజావాలో ఆ వేళ వాన.
సత్రం గుమ్మంలో బూట్లు విప్పగానే
నాకంటే ముందు
నా కుడికాలి బొటనవేలు లోపలికి తొంగిచూసింది.

డెబ్బై దాటిన ఫుసాయె గారు, సత్రం యజమానురాలు,
సగానికి మడిచిన ఉత్తరంలా వంగి నమస్కరించారు.
ఆ వంగడంలో ఆమె కళ్లు సరిగ్గా
చిరుగు ఎదుటికే వచ్చి ఆగాయి.
ఒక్క మాట అనలేదు.
నేనూ వంగాను, ఏం చేయను,
ఆమె ఇంకాస్త వంగారు, నేను ఇంకాస్త,
చివరికి ముగ్గురం ఒకే ఎత్తుకు వచ్చాం:
ఆమె, నేను, నా బొటనవేలు.

వసారాలో తిరగడానికి ఒక జత చెప్పులు.
చాప మీద అవీ కూడదు.
మరుగుదొడ్డికి మరో జత.
ఆ మరో జతతోనే దర్జాగా వెళ్లి
భోజనాల గదిలో కూర్చున్నాను.
గది గదంతా తలవంచుకుని
తమ తమ గిన్నెల్లోని చారును
పరీక్ష పేపరులా చదవసాగింది.
అంత మర్యాద కన్నా
మా గుంటూరు కండక్టరు తిట్లు నయం.

తెల్లారాక తీర్మానించుకున్నాను,
ఈ మేజోడుకు నీళ్లొదలాలని.
ఊరంతా తిరిగాను.
చెత్తబుట్ట లేదు.
చెత్తా లేదు.
వేడి కాఫీ, చల్లటి టీ, గొడుగులు, డబ్బాలో చేపల చారు
అమ్మే యంత్రాలు మలుపు మలుపుకీ ఉన్నాయి,
ఒక్కటీ పుచ్చుకునే రకం కాదు.

చివరికి నది గట్టున బల్ల మీద
మరిచిపోయాను.
అంటే, మరిచిపోయినట్టు నటించాను.
ముప్పై అడుగులు వేశానో లేదో
వెనక పరుగుల చప్పుడు.
పసుపు టోపీ, తనకంటే బరువైన బడిసంచీ,
ఏడేళ్ల పిల్ల,
రెండు చేతులా ఎత్తిపట్టి
పట్టాభిషేకానికి కిరీటం తెచ్చినట్టు తెచ్చింది.

సిటీబస్సులో సీటు కింద వదిలాను.
సాయంత్రానికి అది పోలీసు గూట్లో
నాకంటే ముందే కూర్చునుంది.
డ్రైవరు పోలీసుకీ, పోలీసు సత్రానికీ ఫోన్ చేశారట.
ఊళ్లో ఆ సైజు పాదం నాదొక్కడిదేనట.

ఇనగాకి అనే కుర్ర పోలీసు
టోపీ సర్దుకుని ఫారం తీశాడు.
వస్తువు: మేజోడు.
ఎన్ని: ఒకటి.
రంగు: గోధుమ, ఒకప్పుడు.
గుర్తింపు చిహ్నాలు అన్నచోట కలం ఆపి
స్కేలు తెచ్చి చిరుగును కొలిచాడు.
మూడు సెంటీమీటర్ల రెండు మిల్లీమీటర్లు.
నాదేనని రుజువేమిటన్నట్టు చూస్తే
బూటు విప్పి బొటనవేలు సమర్పించుకున్నాను.
దాన్నీ కొలిచాడు.
తృప్తిగా ఎర్ర ముద్ర వేశాడు.
అతని మాటల్ని ఫోను తర్జుమా చేసి వినిపించింది:
"తమరి ప్రియమైనది తిరిగి చేరినందుకు
మా స్టేషను హృదయం చల్లబడింది."
మళ్లీ వంగాం.
ఈసారి నడుము పట్టేసింది.

ఆ రాత్రి ఇక నా వల్ల కాదని
గది తలుపు బయట పడేసి పడుకున్నాను,
ఏ పిల్లో ఎత్తుకుపోకపోతుందా అని.

పొద్దున పళ్లెంలో
వేడన్నం, కాల్చిన చేప, పక్కనే
నాలుగు మడతలుగా నా మేజోడు.
చిరుగున్న చోట నీలి దారం,
చిన్న అల, దాని మీద మరో అల,
ఇంకా మీద ఇంకోటి,
ఆ మూడు సెంటీమీటర్లలో సముద్రం కుట్టేశారు.
తలెత్తేసరికి ఫుసాయె గారు
కిటికీ అవతల వానను చూస్తున్నారు,
నాకేమీ తెలియదన్నట్టు.

అప్పట్నుంచీ ఏ గుమ్మంలోనైనా
అందరికంటే ముందు బూట్లు విప్పేది నేనే.
కుడికాలు ముందు.

ఎడమకాలిది మాత్రం
ఇంకా చిరగలేదు.
చూస్తున్నాను.