పాత్రల కొట్టులో

అయనావరంలో ఈ గది మొన్నటిదాకా స్టీలు పాత్రల కొట్టు.
గోడలనిండా మేకులు,
బిందెలు ఆనిన చోట గుండ్రని మచ్చలు.
రెండుసార్లు రంగు వేయించినా పోలేదు.
"కళ్ళూ మూతీ గీస్తే చందమామలు, వదిలెయ్యండి"
అన్నాడు ఏళుమలై, వడ్రంగి.
తమిళంలోనే అన్నాడు,
నాకు మాత్రం తెలుగులోనే గుర్తుంది.

కుర్చీలకి అతను టేపు పెట్టలేదు.
మోకాళ్ళ మీద కూలబడి
గుమ్మం నుంచి నా బల్లదాకా
మూడేళ్ళ పిల్ల ఎత్తులో నడిచొచ్చాడు.
"డాక్టరమ్మా, ఇక్కణ్ణించి మీ మొహం కనబడదు.
సొరుగు తాళం కనబడుతోంది.
కింద సూదుల డబ్బా."
నేనూ కుచ్చిళ్ళు దోపుకుని వంగి చూశాను.
నిజమే.
ఇన్నేళ్ళు చదివాను, ఇన్ని గొంతుల్లోకి టార్చి వేశాను,
ఈ ఎత్తు నుంచి నన్ను నేను
ఎన్నడూ చూసుకోలేదు.
సాయంత్రానికి బల్ల కాళ్ళు జానెడు తెగిపడ్డాయి.
డబ్బా పై అరకెక్కింది.

పాలిచ్చే తల్లికి ఒక మూల, మూలకి తెర.
చప్పుడు చెయ్యని తెర ఉంగరాల కోసం
ప్యారిస్ కార్నర్‌లో మూడు కొట్లు తిరిగాను.
తండ్రులకేం చెయ్యాలో తోచలేదు.
వాళ్ళు కూర్చోరు.
ఒక కాలు లోపల, ఒక కాలు మెట్టు మీద,
ఫోను చూస్తున్నట్టు నిలబడి భయపడతారు.
అందుకని గుమ్మం పక్కన మోచెయ్యెత్తున
ఒక చెక్క కొట్టించాను.
ఆనుకుంటారు. ఆమాత్రం చాలు.

ఇంకా తెరవకముందే ఒక ముసలావిడ వచ్చింది,
సంచిలోంచి ఉగ్గుగిన్నె తీసింది.
"మనవరాలి పేరు కొట్టాలి" అని
చీటీ చూపించింది: యాళిని.
కొట్టు లేచిపోయింది, ఇప్పుడిది ఆసుపత్రి అన్నాను.
నమ్మలేదు. బెంచీ మీద కూర్చుంది.
లేవబోయింది, లేవలేకపోయింది.
"అన్నీ పిల్లకాయల ఎత్తుకే కట్టినావే!
ఆ పిల్లకాయల్ని ఎత్తుకొచ్చేది ఎవురనుకున్నావు?"
ఏళుమలై తల గోక్కున్నాడు.
మర్నాటికి ఒక బెంచీ నాలుగంగుళాలు పెరిగింది,
పట్టుకు లేవడానికి పిడి మొలిచింది.

ప్రారంభం రోజున దేవసహాయంగారు
(రైల్వే ఆసుపత్రిలో ముప్ఫయ్యేళ్ళు కాంపౌండరు)
ఫ్రేము కట్టించిన బొమ్మ తెచ్చారు.
పెదాల మీద వేలుంచుకున్న పాప.

ఆ పాప నాకు తెలుసు.
ఆరేళ్ళప్పుడు గూడూరులో
తమ్ముణ్ణి లోపలికి తీసుకెళ్ళిన మధ్యాహ్నం
డెట్టాలు వాసనల నడవాలో
ఆ వేలూ నేనూ మిగిలాం.
ఏడవకూడదు కాబోలు అనుకున్నాను.
వాడికేమైందో కూడా అడగకూడదు కాబోలు.
తెల్లారేదాకా అడగలేదు.

పెద్దాయన్ని కాదనలేను.
ముందుగదిలో మేకులకి కొదవ లేదు,
ఒక్కదానికీ తగిలించలేదు.
నా గదిలోకి తెచ్చి
వచ్చినవాళ్ళ వీపు వెనక, సరిగ్గా నా కళ్ళకెదురుగా పెట్టాను.
ఇప్పుడా వేలు నాకు.
"రాత్రి మూడింటప్పుడు, డాక్టర్..." అని తల్లి మొదలెడితే
మిగతాది నాకు తెలుసన్నట్టు అందుకోబోతానా,
పాప చూస్తుంది.
నోరు మూసుకుంటాను.
మూడో మాటకో, పదో మాటకో
అసలు మాట బయటికొస్తుంది.
కొన్నిసార్లు రాదు.

రెండోవారం వానలో ఆవిడే వచ్చింది,
కొంగు కింద ఒళ్ళు కాలుతున్న యాళిని.
పొడుగు బెంచీ మీద కూర్చుని, పిడి పట్టుకుని లేచి,
చందమామల మీదుగా నడిచొచ్చింది.
రిజిస్టరు తెరిచి పేరు రాస్తుంటే
వంగి చూసింది,
అక్షరాలు రాకపోయినా.
"ఇప్పుడు కొడతా ఉండావే పేరు,
ఆ పొద్దు లేదంటివే!"