ఏడో ప్రశ్న

సెప్టెంబరు శనివారం, కురెసారె సంతలో
ఊర్మస్ ఎర్ర క్యాబేజీ రసంలో వెనిగర్ పోశాడు.
ఊదా గులాబీ అయింది. పిల్లలు కేక పెట్టారు.
కేకలకి నా దగ్గర గడి లేదు,
నా పని కాగితాలు పంచడం.

"రసాయనశాస్త్రం మీద మీ అభిప్రాయం మారిందా?"
ఒకటి నుంచి ఐదు దాకా.
పసివాళ్ళకైతే నవ్వే మొహం, ఏడ్చే మొహం,
ఎటూ తేల్చని మొహం.
నూట నలభై పంచితే తొంభై రెండు తిరిగొచ్చాయి,
ఒకటి చేపనూనె ఓడుతూ.

అది లేలోది.
మూడో బల్ల దగ్గర పొగబెట్టిన చేపలమ్ముతుంది.
ఆట అయ్యాక ఊర్మస్‌ని నిలేసింది:
"చేతుల నీచు సబ్బుకి లొంగదు,
వెనిగర్‌కి ఎందుకు లొంగుతుందోయ్?"
వాడు చెప్పాడు, ఆ వాసన క్షారమనీ,
ఆమ్లం తగిలితే లవణమై
గాలిలోకి ఎగరలేక నీళ్ళవెంట పోతుందనీ.
ఆమె చాలాసేపు తన అరచేతులు వాసన చూసుకుంది.
తర్వాత ఏడో ప్రశ్నకి ఒకటి దగ్గర టిక్కు పెట్టింది.
ఏమీ మారలేదు.

ఆరు నెలలకి ఫోన్లు చేశాను.
ఎత్తినవాళ్ళు పదకొండుమంది,
తొమ్మండుగురు బడిపంతుళ్ళు, లేదా పంతుళ్ళ పిల్లలు.
తడినేలనే తడిపొచ్చాం అని రాస్తే
నిధులిచ్చేవాళ్ళు నొచ్చుకుంటారు.
"పునాది బలపడింది" అని రాశాను.

లేలో ఎత్తలేదు.
మంచు కరిగే రోజుల్లో నేనే వెళ్ళాను.
ఆమె పొగగది తలుపు మీద
కాఫీ వడకట్టే కాగితాలు, సన్నగా కోసి,
క్యాబేజీ రసంలో ముంచి ఆరేసినవి,
గుండుసూదులతో:
బావినీళ్ళు, నీలం.
బూడిదనీళ్ళు, ఆకుపచ్చ.
పుల్లమజ్జిగ, గులాబీ.
అత్తగారి జలుబు మందు, పక్కన ప్రశ్నార్థకం.

"మరి మారలేదని పెట్టావేం?"
చేపని తిరగేస్తూ అంది:
"నువ్వడిగింది అభిప్రాయం.
అదెందుకు మారుతుంది?
మా అమ్మా వెనిగర్‌తోనే కడిగేది."

ఫొటో తీయబోయి ఫోన్ జేబులో పెట్టేశాను.
తీస్తే వచ్చే ఏడు అదే ఎనిమిదో ప్రశ్న,
మీ తలుపు మీద ఎన్ని కాగితాలున్నాయి?

ఒక చేప కొనుక్కుని బస్సెక్కాను.
వేళ్ళకి పొగ, నీచు.
సంచిలో వెనిగర్ లేదు.
సర్వే కాగితాలు మాత్రం
ఇంకా ఒక దస్తా మిగిలాయి.