ఒక మూటకు ఒక ఇల్లు

రాత్రి పదకొండు దాటింది.
కసవనహళ్ళిలో వాన వెలిసింది.
కింద సందులో నీళ్ళ ట్యాంకరు ఒకటి
వెనక్కి వెనక్కి వస్తూ కూస్తోంది.
తెర మీద ముప్ఫై ఏడు ఫైళ్ళు
ఎర్రగా, పచ్చగా,
పిండి నేల మీద కుమ్మరించిన బట్టల్లా.

మూడు రోజుల పని. అంతా నాదే,
అయినా ఏది ఎందుకు మార్చానో సగం గుర్తులేదు.
పైసల లెక్కలో రౌండింగు తప్పు దిద్దబోయి
దారిలో ఒక ఫంక్షన్ పేరు నచ్చక మార్చాను,
అది పద్నాలుగు చోట్ల మారింది.
పక్కన బటన్ రంగు వెలవెలబోతుంటే
దానికీ చెయ్యి తగిలించాను.
కామా ఒకటి, ఖాళీ గీత ఒకటి,
"ఇక్కడిదాకా వచ్చింది" అని
నాకు నేను చెప్పుకున్న ప్రింటులు మూడు.

అన్నీ కలిపి ఒక్క కమిట్ చేసేసి
"చిన్న చిన్న మార్పులు" అని రాసి
పడుకోవచ్చు.
ఎవరడుగుతారు?

మొన్న మార్చి నెలాఖరున అలాగే పడుకున్నాను.
రెండున్నరకి ఫోను.
బిల్లుల్లో పన్ను రెండుసార్లు పడుతోంది.
తంగవేలు నా కమిట్ వెనక్కి లాగాడు.
పన్నుతో పాటు లాగిన్ పేజీ ఊడొచ్చింది,
దాంతో పాటు తేదీలన్నీ తిరగబడ్డాయి,
ఒక పోగు పట్టుకుంటే చొక్కా చేతికొచ్చినట్టు.
అతను నన్నేమీ అనలేదు.
నా ఆ మూడు మాటల్నీ ఫోన్లో పైకి చదివాడు,
అంతే.

మా గేటు పక్కన మునిరత్నం ఇస్త్రీ బండి.
పలమనేరు నుంచి వచ్చి పద్దెనిమిదేళ్ళు.
బొగ్గుల పెట్టె పోయి గ్యాసు పెట్టె వచ్చింది,
మూట కట్టే తీరు మారలేదు.
ఇంటికొక దుప్పటి, దుప్పటికొక ముడి,
ముడిలో దోపిన చీటీ మీద
ఫ్లాటు నంబరు, బట్టల లెక్క.
తప్పింది ఒక్కసారే.
మూడువందల నాలుగు వాళ్ళ పట్టుచీర
నాలుగువందల మూడులో తేలింది.
ఆ రెండిళ్ళకీ ఇప్పటికీ మాటల్లేవు.

పోయిన ఆదివారం అడిగాను,
అన్నీ ఒకే మూటలో తెచ్చి
గుమ్మాల దగ్గర పంచొచ్చు కదా, బరువు అంతే కదా అని.
పెట్టె నిలబెట్టి నవ్వాడు.
"మూట కట్టేది మోసేవోడి కోసరం కాదు మా,
ఇప్పేవోళ్ళ కోసరం."

లేచి కాఫీ కలుపుకున్నాను.
మళ్ళీ కూర్చుని ఒక్కో మార్పునీ అడిగాను,
నువ్వెవరింటి దానివి?

రౌండింగు, దాని పరీక్ష,
ఆ పరీక్ష కోసం అల్లిన రెండు దొంగ బిల్లులు,
ఇవి ఒక కడుపున పుట్టినవి.
పేరు మారిన పద్నాలుగు చోట్లూ ఒకే సంసారం,
ఒక్కటి వెనకబడినా బండి కదలదు.
ఒక ఫైల్లో మాత్రం
పై వరస ఒక ఇంటిది, కింది వరస ఇంకో ఇంటిది,
మధ్య గోడ కూడా లేదు.
అక్కడ ఊపిరి బిగబట్టి కోశాను.
కామా, ఖాళీ గీత ఉన్నచోటికే పంపేశాను.
ప్రింటులు ఎవరింటివీ కావు, నా భయానివి.
చెరిపేశాను.

రంగు మిగిలింది.
ఎవరూ అడగని రంగు. బాగానే ఉంది నిజానికి.
మునిరత్నం దగ్గర పాలపొడి డబ్బా ఒకటుంది,
ఊడిపోయి ఎవరివో తెలియని గుండీలు
అందులో వేసుకుంటాడు.
రంగుని స్టాష్‌లో వేశాను,
ఎప్పుడైనా ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమో.

ముప్ఫై ఏడు ఫైళ్ళు, రెండు మూటలు.
చీటీ రాయాలి.
ఒంటిగంట. ట్యాంకరు వెళ్ళిపోయింది.
నిద్ర చెడిన తంగవేలు మొహాన్ని తలుచుకుని రాశాను:
"అరపైస మిగిలినప్పుడు దగ్గరి సరిసంఖ్యకి సవరించాలి.
ఎప్పుడూ పైకే నెడుతున్నందువల్ల
కొన్నవాళ్ళ దగ్గర నెలకి నలభై రూపాయలు
ఎక్కువ తీసుకుంటున్నాం."

ముడి వేశాను.
ఒక్క లాగుకి ఊడేటట్టు.