ఆశమ్మ శ్రీమంతం

సిమెంటు సంచి చింపి లోపలి పొర మీద రాసిన:
గుడిసెలు ఇరవై ఆరు, గుడిసెకు రెండు వందలు.
ముగ్గురు వచ్చే శనివారం ఇస్తమన్నరు.
వాళ్ల పేర్లు కొట్టేయలే.

వైట్‌ఫీల్డ్‌ల పన్నెండో అంతస్తు లేపెటోళ్లం,
మాకెందుకు ఫంక్షన్ హాలు?
మనిషి జారితె పట్టే పచ్చ వల
ఆదివారం ఉత్తగనే ఉంటది. అదే పందిరి.
బోర్లించిన పెయింటు డబ్బాలు కుర్చీలు.
ఆశమ్మకు మాత్రం సూపర్‌వైజర్ కుర్చీ.
అడిగి తెచ్చినమా అని నన్నడగొద్దు.

పూలకు రాత్రి తొమ్మిది దాటినంక పోవాలె,
కే.ఆర్. మార్కెట్‌కు.
తెల్లారితె పారబోసే చామంతి,
"ఎష్టమ్మా?" అంటె కిలో ఇరవై.
పూలకంటె బస్సుకే ఎక్కువైంది.

గాజుల కాడ బేరమాడొద్దన్నది బాలమ్మ.
ముగ్గురిని కన్నది, ఒక్కరూ దక్కలే.
ఏమనాల్నో తెల్వక పెన్ను మూత పెట్టిన.
మొదటి జత ఆమెతోనే తొడిగించినం.
అది లెక్కల లేదు.

పులిహోరకు యాభై మందిని రాసిన.
పాట విని ఒడిశా రూములోళ్లు వచ్చిండ్రు,
వాసన పట్టి బీహారోళ్లు.
సవారమ్మ గంటె పక్కన పెట్టి
టీ గ్లాసుతోటి వడ్డించుడు మొదలువెట్టింది.
నేను అడుగు గీకి తిన్న, మాడు మంచిగనే ఉండె.

మిగిలింది పదిహేడు రూపాయలు.
ఎవరి పేర రాయాలె?
ఆ గడి ఖాళీగ ఉంచిన,
ఇంకా పేరు పెట్టలే గద.

సోమవారం వల మళ్ల పైకెక్కింది,
ఒక చామంతి ఇరుక్కొని.
తీయబోయిన.
ఉండనియ్ అన్నడు మేస్త్రి.