నడిమిట్ల గాలి

పంజగుట్టల మూడో అంతస్తు. లైట్ బాక్సు మీద
వంటాయన కోడి వెంబడి పడ్డడు.
లేచిన కాలు ఒకరు గీస్తరు, పడ్డ కాలు ఇంకొకరు,
నడిమిట్ల గాలంత నాది.

పెనం దెబ్బ సప్పుడు కోసం ఖలీల్ భాయ్
బేగంబజార్ల గిన్నెలన్నీ కొట్టి చూసిండు.
ఆఖరికి మా క్యాంటీన్ మూకుడే
సరిగ్గ మొత్తుకున్నది.

మిద్దె అంచు దాటినా వంటాయన ఉరుకుతనే ఉండాలె.
కిందికి చూస్తెనే పడాలె, అది రూలు.
పద్దెనిమిది బొమ్మలు చాలన్నది వినోదిని మేడమ్.
నేను ఇరవై నాలుగు గీసిన,
ఇంకింతసేపు ఉండనీ అని.

జీతమొచ్చి మూడు నెలలాయె.
రాత్రి, చాయ్ బాకీ ఉన్న ఇరానీ హోటల్ ముందట
కోడి లెక్క ఉరికిన.
గల్లీ మలుపు దాటినంక గూడ కాళ్లు ఆగలే.
కిందికైతే చూడలే.