చెక్కు వెనకవైపు

ఆ చెక్కు మా తలుపు కంటే పెద్దది.
టైలు కట్టుకున్న ఇద్దరు మనుషులు దాన్ని ఏటవాలుగా వంచి
షెడ్డులోకి దింపారు,
పెళ్లివారింట్లోకి బీరువా దింపినట్టు.

ముఫులీరలో ఆ రోజు గాలి మా వైపే తిరిగింది.
రాగి కరిగించే పొగ
గొంతులో అగ్గిపుల్ల గీస్తుంటే
అతిథులు దగ్గారు. మేం దగ్గలేదు.
అలవాటు కూడా ఒక చదువే,
దానికి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు.

నాది స్టోరు పని.
పొద్దున వెల్డింగ్ రాడ్లు లెక్కపెట్టి ఇస్తాను,
సాయంత్రం ముక్కలు లెక్కపెట్టి తీసుకుంటాను.
మనిషికి నాలుగు.
వేలెడు కన్నా పొడుగు ముక్క వెనక్కొస్తే
మర్నాడు మూడే.
పిసినారి అంటారు నన్ను.
అననివ్వండి.

అబద్ధం ఎందుకు, ఆ డబ్బు నిజమైన డబ్బే.
నాలుగు మెషీన్లు వచ్చాయి, తోలు చేతొడుగులు వచ్చాయి,
సికాజ్వే మాస్టారికి నెలనెలా జీతం వచ్చింది,
గని మూసి ఇంటికి పంపిన పన్నెండేళ్ల తర్వాత
ఆయన బూట్లకు మళ్లీ పాలిష్ వచ్చింది.

ఫోటో తీసేవాడు చిషాలని పిలిచాడు.
ముసుగు పైకెత్తు, మొహం కనపడాలి, అన్నాడు.
నిప్పురవ్వలు కూడా కావాలి, అన్నాడు.
రెండూ ఒకేసారి కుదరవని
మాస్టారు నోరు తెరిచేలోపే
ఆ పిల్ల నవ్వుతూ రాడ్ గీసేసింది.
ఆ రాత్రి దాని కళ్లలో ఇసుక పోసి రుద్దినట్టు.
పచ్చి బంగాళదుంప చక్రాలుగా కోసి
రెప్పల మీద పెట్టి కూర్చున్నాను తెల్లారేదాకా.
నున్నటి కాగితం మీద కంపెనీ పుస్తకం వచ్చింది తర్వాత.
ఆమె బొమ్మ కింద రాశారు:
భవిష్యత్తు వైపు తెరిచిన కళ్లు.

మూడో ఏడు
ఎక్కడో రాగి ధర పడింది.
ధర ఎక్కడ పడినా దెబ్బ తగిలేది మాకే.
అయిదు లైన్ల ఉత్తరం వచ్చింది,
అందులో "విచారిస్తున్నాం" అని రెండుసార్లు.
నాలుగు రాడ్లు రెండయ్యాయి, రెండు ఒకటయింది.
కటోంగో మానేసి బస్టాండులో మొక్కజొన్నలు కాలుస్తున్నాడు.
జీతం లేకపోయినా
మాస్టారు బూట్లు తుడుచుకుని వస్తూనే ఉన్నారు.

నవంబరు గాలివానకి పైరేకులు మూడు ఎగిరిపోయాయి.
నల్లబల్ల రెండు ముక్కలైంది.
చెక్కు మాత్రం చెక్కుచెదరలేదు.
మాస్టారు కాసేపు దాన్నే చూసి
గోడకేసి తిప్పేశారు.
వెనక తెల్లగా, ఎంత చోటు!
బొగ్గుముక్కతో గీశారు:
రెండు పలకలు కలిసే మూల,
వాటి మధ్య వదలాల్సిన సందు.
"సందు వదలకపోతే అతుకు నిలవదు" అన్నారు,
ఇనుము గురించే అన్నారనుకుంటాను.

మొన్న కంపెనీ నుంచి కొత్త కుర్రాడు వచ్చాడు,
చేతిలో ఫారం, చెమట పట్టిన చొక్కా.
ఎంతమంది లబ్ధి పొందారు, అంకె చెప్పండి.
రాడ్ ముక్కల బకెట్టు చూపించాను.
వాడు బకెట్టు వైపు, ఫారం వైపు చూసి
పాపం, ఏ గడిలో రాయాలో తెలియక
పెన్ను మూత పెట్టేశాడు.

అదే వారం చిషాల వచ్చింది.
మార్కెట్ వెనక గేట్లు, బొగ్గుల కుంపట్లు చేస్తోంది ఇప్పుడు.
అద్దె మెషీన్, సొంత ముసుగు.
ఒక ప్యాకెట్ రాడ్లు నా బల్ల మీద పెట్టి
రిజిస్టర్‌లో రాయొద్దు అంది.
రాశాను.
దాత అన్న గడిలో
దాని పేరు పట్టడానికి చోటు చాలింది.

మర్నాడు మనిషికి రెండు ఇచ్చాను.
సాయంత్రం ముక్కలు లెక్కపెట్టాను.
ఒకటి తగ్గింది.
ఎవరు తీశారో
నేను అడిగి తీరతాను.